చెయ్యి దూరని పెట్టె

ఈ మధ్య అండమాన్‌లో, మా పోర్ట్ బ్లెయిర్ అబర్డీన్ బజారులో ఏ హార్డ్‌వేర్ కొట్టు ముందు నిలబడ్డా ఒకే బేరం వినిపిస్తోంది. ఒక కుర్రాడు ఫోను తీసి కొట్టువాడి ముక్కు ముందు పెడతాడు. అందులో ఏదో అమెరికా పడవ ఫొటో. పడవ నట్టనడుమ నిలబెట్టిన తెల్లటి పెట్టె, దానికి స్టీరింగు చక్రం, చక్రం ముందు నల్లటి తెర, నెత్తిన స్టీలు గొట్టాల మీద నీడకి ఒక కప్పు, పక్కన కూల్‌డ్రింకు పెట్టుకోడానికి గుంటలు. "భాయ్, అయిసా బనానా హై" అంటాడు. అడిగేవాడూ తెలుగువాడే, అమ్మేవాడూ తెలుగువాడే, ఇద్దరి తాతలదీ శ్రీకాకుళం తీరాన బారువ పక్క ఊళ్ళే. అయినా హిందీయే. సరే, ఈ ద్వీపాల్లో అదొక అలవాటు. ఆ పెట్టె సంగతే నాకు ఒంటికి పడదు.

దాన్ని సెంటర్ కన్సోల్ అంటారట. కుర్రాళ్ళు ముద్దుగా కన్సోల్ అంటారు.

మా రోజుల్లో ఈ బజారుకి పడవ సామానుకి వస్తే కాగితం అక్కర్లేదు. రాగి మేకులు, దూది, గుగ్గిలం, తాడు, లాంతరుకి ఒక చిమ్నీ. గడియార స్తంభం దగ్గర మొదలుపెడితే టీ చల్లారేలోగా సంచీ నిండేది. ఇప్పుడు మా మేనల్లుడు రాసుకొచ్చిన జాబితా చూశాను. రెజిన్, హార్డెనర్, మ్యాట్, జెల్‌కోట్, మెరైన్ ప్లై, యాక్రిలిక్ షీటు, మూడు రకాల సీలెంట్లు, స్విచ్చి ప్యానెలు, స్పీకర్లు రెండు. స్పీకర్లు! సముద్రంలో మేం విన్న పాట ఇంజను పాటే. ఆ పాటలో ఒక్క దెబ్బ తప్పితే నిద్రపోతున్న కలాసీ కూడా లేచి కూర్చునేవాడు.

మా నాన్న శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి వచ్చినవాడు. 1950ల నుంచి ప్రభుత్వం ఆంధ్రా నుంచీ కేరళ నుంచీ చేపల వేట తెలిసిన కుటుంబాల్ని తెచ్చి ఇక్కడ కుదురుపెట్టింది. వాళ్ళ వెనకాల చుట్టాలొచ్చారు, చుట్టాల వెనకాల ఊళ్ళొచ్చాయి. 2011 జనాభా లెక్కల్లో ఈ ద్వీపాల్లో నూటికి పదముగ్గురు తెలుగు ఇంటిభాషగా రాయించుకున్నారు. జంగ్లీఘాట్‌లో పొద్దున్నే తిరిగితే ఆ లెక్క ఇంకా ఎక్కువే అనిపిస్తుంది. మా వాళ్ళు అక్కడ తెప్పలూ నావలూ వదిలి ఇక్కడికొచ్చి పట్టుకున్నది డుంగీని.

డుంగీ అంటే కొయ్య పడవ. పడౌక్ దొరికితే పడౌక్, లేకపోతే గర్జన్. పలకల సందుల్లో దూది దట్టించి గుగ్గిలం పుయ్యాలి, పైన గర్జన్ నూనె పట్టించాలి. నడుమ ఒంటి సిలిండరు డీజిలింజను. వెనక చుక్కాని. సరంగు ఆ చుక్కాని పిడి చంకలో ఇరికించుకుని కూర్చుంటాడు, ముందు ఏమైనా ఉందేమోనని అనుమానం వస్తే లేచి బల్ల మీద నిలబడతాడు. స్విచ్చి లేదు, తీగ లేదు, తెర లేదు. పడవ మొత్తంలో మూత వేసి దాచిన వస్తువు ఒక్కటే, అన్నం గిన్నె.

ఆ పిడి మాట్లాడేది. కింద నీటి ఒరవడి మారితే అరచేతికి తెలిసేది. పంకాకి తాడు ముక్క చుట్టుకుంటే, చెవికి తెలిసేలోగా మోచేతికి తెలిసేది. రాత్రిపూట రాస్ ద్వీపం పక్కనుంచి వస్తుంటే ఆటు వెనక్కి లాగుతోందో, పోటు లోపలికి తోస్తోందో పిడి బరువును బట్టే చెప్పేవాళ్ళం. ఇప్పటి చక్రం ఏమీ చెప్పదు. చక్రానికీ ఇంజనుకీ నడుమ ఒక లావుపాటి కేబులు, దానికి తొడుగు, తొడుగులో గ్రీజు. గ్రీజు ఎండితే చక్రం బిగుసుకుంటుంది, అంతే. అది చెప్పే కబురు అదొక్కటే, అదీ ఆలస్యంగా.

ఇంతకీ మేం ఈ కన్సోల్ ఎందుకు పెట్టుకోలేదంటే మాకు తెలివి లేక కాదు. డుంగీకి నడుము ఖాళీ లేదు, అక్కడ ఇంజనుంది. ఇంజను నడుమ వదిలి వెనక చెక్కకి వేలాడ్డం మొదలుపెట్టాకే నడుమ చోటు ఖాళీ అయింది. ఖాళీ చోటు కనపడితే మనిషి ఊరుకుంటాడా, ఏదో ఒకటి తెచ్చి పెడతాడు.

ఆ మార్పు ఒక్కరోజున రాలేదు. ముందు కొయ్య కరువైంది. అడవులు ఖాళీ అవుతున్నాయని కోర్టుకెళ్ళారు, శేఖర్ సింగ్ కమిషన్ వచ్చి చూసి వెళ్ళింది, 2002 మే నెలలో సుప్రీంకోర్టు ఇక్కడి సహజ అడవుల్లో చెట్లు కొట్టడానికి పగ్గం వేసింది. మంచిదే. 1883లో మొదలైన చాతం రంపపు మిల్లు కూడా నెమ్మదించింది. పడౌక్ పలక ధర అడిగి, వినకముందే వెనక్కి తిరిగే రోజులొచ్చాయి. ఇంకో రెండేళ్ళకి, 2004 డిసెంబరు 26న, సునామీ వచ్చి ఉన్న డుంగీల్ని కూడా ఊడ్చేసింది. ఆ తరవాత సాయంగా వచ్చిన పడవల్లో ఫైబరువి బోలెడు. ఫైబరు తేలిక, పురుగు పట్టదు, ఏటా దూది దట్టించక్కర్లేదు. నేను కూడా దాని మీద కూర్చునే తిరిగాను, కాదనను. కానీ కొయ్య పడవ చేసే వడ్రంగి తన పని తప్పయితే అక్కడే నీళ్ళు ఊరి చెప్పేవి. ఫైబరు పనిలో తప్పు లోపల దాక్కుంటుంది. రెండు వానాకాలాలు పోయాక గాని బయటపడదు. అప్పటికి పని చేసినవాడు డబ్బు తీసుకుని వేరే పని పట్టుకుని ఉంటాడు.

ఇక మా మేనల్లుడి పడవ. ఇరవైయొక్క అడుగుల ఫైబరు పడవ, వెనక 40 హార్స్‌పవర్ రెండు స్ట్రోకుల ఇంజను. మొన్నటిదాకా ఇంజను పిడి పట్టుకునే నడిపాడు. ఇప్పుడు వాడు చేపలు పట్టడు, చేపలు పట్టేవాళ్ళని తీసుకెళ్తాడు. మెయిన్‌ల్యాండ్ నుంచీ విదేశాల నుంచీ వచ్చి, వేలకి వేలు పోసి, పెద్ద పార చేపని గాలం వేసి లాగి, దాన్ని చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఫొటో దిగి, మళ్ళీ నీళ్ళలో వదిలేసే దొరలు. దాన్ని వాళ్ళు జీటీ అంటారు. మా నాన్న ఈ వ్యవహారం చూసుంటే ఆ చేపని వదిలినవాణ్ణి కూడా నీళ్ళలో వదిలేవాడు. సరే, రాబడి ఉంది, చేపకీ ప్రాణం దక్కుతోంది, మనకెందుకు. ఆ దొరలకి పడవ చుట్టూ తిరుగుతూ గాలం లాగడానికి చోటు కావాలి. వెనక కూర్చుని పిడి పట్టుకునే మనిషి వాళ్ళకి అడ్డం. కనక మనిషిని నడుమకి తెచ్చి నిలబెట్టాలి. కన్సోల్ పుట్టిందే అందుకు. ఇంతవరకు న్యాయంగానే ఉంది.

"ఎక్కడ పెడతావురా?" అన్నాను.

"మధ్యలో మావయ్యా. పేరే సెంటరు కదా."

"టేపు పెట్టి కొలిచి మధ్యలోనా?"

"అవును."

పడవకి మధ్య ఎక్కడుందో టేపు చెప్పదు, నీళ్ళు చెప్పాలి. పెట్టె, దానిలో బ్యాటరీ, దాని వెనక నిలబడే మనిషి, మూడూ కలిస్తే నూటయాభై కిలోల దాకా ఉంటుంది. మొన్నటిదాకా ఆ మనిషి బరువు వెనకుంది. ఇప్పుడు దాన్ని ఎంత ముందుకి తెస్తే పడవ అంత ముందుకి వంగుతుంది. మరీ ముందుకి పెడితే అలలోకి ముక్కు పొడుచుకుంటుంది. మరీ వెనక్కి పెడితే ముక్కు ఆకాశం చూస్తుంది, ఎదురుగా ఏ దుంగ తేలుతోందో సరంగుకి కనపడదు. మా ద్వీపాల్లో వానాకాలం తరవాత తేలే దుంగల సంగతి తెలిసినవాడికి అది చిన్న విషయం కాదు. ఫొటోలో ఉన్న అమెరికా పడవకి అడుగు వేరు, ఇంజను బరువు వేరు, పెట్రోలు ట్యాంకు ఉన్న చోటు వేరు. దాని కన్సోల్ కొలత తెచ్చి మన పడవకి పెట్టడమేమిటి?

వాణ్ణి ఆపి, పళ్ళు వచ్చే పాత చెక్కపెట్టె ఒకటి తెప్పించాను. దానిలో ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బాలు మూడు పెట్టించాను. తాళ్ళతో కట్టి, ఒక్క మేకు కొట్టకుండా, ఒక్క కన్నం పొడవకుండా, పడవని అబర్డీన్ జెట్టీ దగ్గర్నుంచి నార్త్ బే దాకా తిప్పమన్నాను. ఇంజను పిడి పట్టుకోడానికి వెనక ఒక తేలికపాటి గుంటడు, పెట్టె వెనక వీడు. ఒకసారి తిరిగొచ్చి పెట్టెని అడుగు వెనక్కి జరిపారు. ఇంకోసారి తిరిగొచ్చి అర అడుగు ముందుకి. చివరికి టేపు చూపించిన చోటికీ, నీళ్ళు ఒప్పుకున్న చోటికీ జానెడు పైనే తేడా వచ్చింది. ఒక పూట పని. ఆ పూట పోతుందనే బాధలో ఈ కాలం కుర్రాళ్ళు ముందు కన్నాలు పొడిచేసి, తరవాత పడవ బాగా పోవట్లేదని ఇంజనుని తిడతారు.

ఎత్తు దగ్గర కూడా అదే గోల. ఫొటోలో పెట్టె ఛాతీ దాకా ఉంది కాబట్టి ఛాతీ దాకా కట్టాలంటాడు. ఎవడి ఛాతీ? ఆ అమెరికావాడు ఆరడుగుల పైనున్నాడు, వీడు నా మేనల్లుడు. చక్రం మోచేతి ఎత్తులో ఉండాలి. అద్దం అంచు కంటికి సూటిగా రాకూడదు, వస్తే వాన పడుతున్నప్పుడు అంచు తప్ప సముద్రం కనపడదు. మోకాళ్ళు పెట్టెకి కొట్టుకోకూడదు. రెండు పక్కలా మనిషి ఒత్తిగిలకుండా నడిచి ముక్కు దాకా వెళ్ళగలగాలి, లంగరు వెయ్యాల్సింది అక్కడే కదా. ఇవన్నీ ఆ చెక్కపెట్టె దగ్గర నిలబడి చూసుకోవచ్చు. పైసా ఖర్చు లేదు. అందుకే ఎవడూ చెయ్యడు.

కేబులు విషయంలో మాత్రం వాడు నా మాట విన్నాడు, ఎందుకంటే మా వీధిలోనే ఒకడు దెబ్బతిన్నాడు. స్టీరింగు కేబులు పొడుగు ముందే సరిగ్గా కొలవాలి. చక్రం నుంచి పడవ పక్కగోడకి, పక్కగోడ వెంట వెనక్కి, అక్కణ్ణుంచి ఇంజను మెడకి, మలుపులు మెల్లగా తిరిగేట్టు. పొడుగెక్కువైతే ఉంగరాలు చుట్టుకుని బిగుసుకుంటుంది. తక్కువైతే అసలు అందదు. విశాఖపట్నంలోనో చెన్నైలోనో అయితే సాయంత్రానికి మార్చుకొస్తారు. ఇక్కడ మెయిన్‌ల్యాండ్ నుంచి పన్నెండు వందల కిలోమీటర్ల సముద్రం దాటి ఓడ రావాలి. అడుగు పొడుగు తప్పు కొలిచిన పాపానికి మా వీధివాడి పడవ సీజను మొదట్లో ఒడ్డున కూర్చుంది. ఇంజనుని పూర్తిగా ఒక పక్కకీ, పూర్తిగా రెండో పక్కకీ తిప్పి, పూర్తిగా పైకెత్తి, మూడు చోట్లా కేబులు లాగబడకుండా ఉందో లేదో చూసుకున్నాకే బిగించాలి. గేరు కేబులుకీ, రేసు కేబులుకీ అంతే.

బిగింపు గురించి ఒక మాట. ఈ కుర్రాళ్ళకి స్క్రూ అంటే ప్రాణం. డ్రిల్లు మిషను గుర్రుమనిపించి, సిలికాన్ ఒత్తి, స్క్రూ తిప్పేస్తే కన్సోల్ నిలబడిపోయిందనుకుంటారు. డెక్కు అంటే పైన ఒక ఫైబరు పొర, కింద ఒక పొర, నడుమ ప్లై. ఆ స్క్రూ కన్నంలోంచి ఉప్పునీళ్ళు ప్లైలోకి దిగుతాయి. ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్లు వాన పడే ఊరిది, నీళ్ళకి కొదవా? రెండేళ్ళకి ప్లై కుళ్ళి స్క్రూ వేలితో లాగితే వస్తుంది. అల మీద పడవ ఎగిరినప్పుడు మనిషి పట్టుకునేది ఆ కన్సోల్‌నే. అది ఊడి చేతిలోకొస్తే దానితో సహా వాడూ పోతాడు. డెక్కు దాటి కిందికి దూసుకుపోయే బోల్టులు వెయ్యాలి, కింద వెడల్పాటి పట్టీ పెట్టాలి, వీలైనచోట అడుగు దూలాల మీద పడేట్టు చూడాలి. కన్నాన్ని కాస్త పెద్దగా పొడిచి, అంచుల్లోకి రెజిన్ పట్టించి ఆరాక మళ్ళీ పొడవాలి, అప్పుడు నీళ్ళు వచ్చినా ప్లైని తాకవు. బోల్టు 316 స్టీలుదే కావాలి. 304 కూడా తళతళలాడుతుంది, ఆరు నెలలకి గోధుమరంగు కన్నీరు కారుస్తుంది. కొట్టువాడు రెండింటినీ స్టీలే అంటాడు. అబద్ధం కాదు మరి.

ఫైబరు అతికించడం దగ్గర మా రోజులకీ ఈ రోజులకీ ఒక పోలిక దొరికింది. గుగ్గిలం వేసేముందు పలక ఆరాలి, ఆరకపోతే పట్టదు. రెజిన్‌కీ అంతే. పాత జెల్‌కోట్ మీద కొత్త మ్యాట్ అతికిస్తే పొట్టులా ఊడుతుంది. కింది ఫైబరు కనపడేదాకా అరగదీసి, తుడిచి, ఆరిన పొద్దున మొదలెట్టాలి. హార్డెనరు నూటికి ఒకటో రెండో పాళ్ళు, అంతకి మించకూడదు. వాన వస్తోందని తొందరపడి ఎక్కువ పోస్తే డబ్బాలోనే పొగలు కక్కి గట్టిపడుతుంది. ఇక అరగదీసేటప్పుడు లేచే ఆ ధూళి! మూతికి గుడ్డ కట్టుకో, ఒళ్ళు కప్పుకో అంటే మా వాడు నవ్వాడు. ఆ రాత్రంతా వాడు గోక్కుంటూ కూర్చున్న సంగతి మా చెల్లెలు చెప్పింది. మేమైతే రంపపు పొట్టు ఒంటి మీద పడితే దులుపుకుని అన్నానికి కూర్చునేవాళ్ళం.

దిక్సూచి విషయానికొస్తే నాకు బీపీ పెరుగుతుంది. మా రోజుల్లో దిక్సూచి ఉన్న డుంగీలు తక్కువ. కొండలే మాకు గుర్తులు. మౌంట్ హారియెట్ కొండా, నార్త్ బే లైట్‌హౌసూ ఒకదానికొకటి ఎలా జరుగుతున్నాయో చూసుకుని ఇంటికి వచ్చేవాళ్ళం. ఆ కొండ మీంచి కనపడే నార్త్ బే దృశ్యమే పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనక ఉండేది. దారి తప్పినవాడు జేబులో నోటు తీసి చూసుకోవాలని మేం వేళాకోళం చేసేవాళ్ళం. 2019లో కొత్త నోటు వచ్చింది, దాని వెనక ఎల్లోరా గుహలున్నాయి. 2021లో కొండకి మౌంట్ మణిపూర్ అని పేరు పెట్టారు. 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. హావ్‌లాక్, నీల్, రాస్ ద్వీపాల పేర్లు అంతకుముందే 2018లో మారాయి. మారనీండి, పేర్లు పెట్టేవాళ్ళు పెడతారు. నా గోడు అది కాదు. మా వాడు కన్సోల్ మీద మంచి దిక్సూచి కొని పెట్టాడు. దానికి ఇటు జానెడు దూరంలో ఒక స్పీకరు, అటు జానెడు దూరంలో ఇంకో స్పీకరు. స్పీకరు వెనక అయస్కాంతం ఉంటుందని అయిదో తరగతిలో చెప్పలేదా వీడికి? పాట ఆపినా అయస్కాంతం ఆగదు. ముల్లు పాపం ఉత్తరం వదిలేసి పాట వైపు తిరిగి కూర్చుంది.

"జీపీఎస్ ఉంది కదా మావయ్యా" అన్నాడు.

"జీపీఎస్‌కి కరెంటు ఎక్కణ్ణుంచి?"

"బ్యాటరీ."

"బ్యాటరీ చస్తే?"

స్పీకర్లు తీశాడు. తీసి వెనక సీటు పక్కన పెట్టాడు. పాట మాత్రం మానలేదు.

ఇప్పుడు అసలు గొడవకొస్తాను. కన్సోల్ చేసి, రంగు వేసి, తీగలు బిగించి, చూడమని పిలిచాడు. ముందువైపు నున్నగా, మొహం కనపడేట్టు మెరుస్తోంది. లోపలికి దారేది రా అంటే పక్కన ఒక గుండ్రటి మూత చూపించాడు. గిన్నె మూతంత. మూత తిప్పి చెయ్యి పెట్టాను. మణికట్టు దాటి ఇంకాస్త పోయి ఆగిపోయింది. వేలికొసలకి తీగలు తగిలాయి, ఎన్ని ఉన్నాయో తెలీదు. టార్చి వేసి తొంగిచూస్తే లోపల చిక్కుపడ్డ వల. అన్నీ ఎర్ర తీగలే, ఏది పంపుకో ఏది లైటుకో రాత లేదు. మెలితిప్పి టేపు చుట్టిన అతుకులు. ఫ్యూజు ఒక్కటే, అది కూడా చెయ్యి అందని మూల. చక్రం వెనక నట్టు, గేరు కేబులు కొస, రెండూ అవతలి పక్క.

మా డుంగీలో ఏ వస్తువు చెడినా చేత్తో పట్టుకోగలిగేవాళ్ళం. నీళ్ళ పంపు, డీజిలు గొట్టం, చుక్కాని ఇరుసు, అన్నీ కళ్ళెదుట. చీకట్లో, వానలో, పడవ ఊగుతుంటే తడుముకుని బాగుచేసుకున్నాం. మా తెలివేం కాదది, పడవలో దాచిన చోటు లేకపోవడమే. మీ పడవల్లో మా దానికన్నా పదింతలు సామాను ఉంది, పదింతలు చెడుతుంది, కానీ అదంతా ఒక అందమైన పెట్టెలో పెట్టి సీలు వేశారు. ఆ మధ్య చిడియా టాపు అవతల ఒక పడవకి గేరు కేబులు కొస దగ్గర చిన్న పిన్ను జారింది. రూపాయి విలువ లేని పిన్ను. ఇంజను తిరుగుతోంది, పడవ కదలదు. పిన్ను కన్సోల్ లోపల పడుంది, చెయ్యి దూరదు. చివరికి లంగరు కొమ్ముతో ముందు పలక పగలగొట్టి లోపలికి దూరారు. పడవలో ఉన్న వేటదొరలు దాన్ని కూడా వీడియో తీశారట.

"తలుపు పెట్టరా. మనిషి భుజం దాకా దూరేంత తలుపు" అన్నాను.

"అందం పోద్ది మావయ్యా."

"పోనీరా. పెళ్ళిచూపులకి తీసుకెళ్తున్నావేటి?"

రెండు రోజులు మూతి ముడుచుకుని, మూడో రోజు కోశాడు. ఇప్పుడు ముందు పక్క నిలువు తలుపు ఉంది, రబ్బరు అంచు, రెండు గొళ్ళేలు. తీగలన్నీ విప్పించి మళ్ళీ వేయించాను. టిన్ను పూత ఉన్న రాగి తీగ, ఉప్పుగాలికి మామూలు రాగి పచ్చబడి పొడైపోతుంది. ప్రతి తీగకీ రెండు కొసలా చీటీ. ఒక్కోదానికి ఒక్కో ఫ్యూజు, తలుపు తియ్యగానే ఎదురుగా. తీగలు కింద పడి ఉండకుండా, నీళ్ళు చేరే చోటుకి పైన, గోడకి కట్టి. బ్యాటరీ పెట్టెలో బ్యాటరీ, కదలకుండా పట్టీ. పెట్రోలు డబ్బా కూడా అక్కడే పెడతానంటే ఒప్పుకోలేదు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, అడుగున చేరుతుంది. మూసిన పెట్టెలో అది, పక్కన స్విచ్చి నిప్పురవ్వ, నేను బతికుండగా ఆ పడవ ఎక్కను. డబ్బా వెనక సీటు కింద, గాలి తగిలే చోటికి పోయింది.

నెత్తిన నీడ కప్పు మీద నాకు పెద్ద మాటలు లేవు. మేం తలగుడ్డతో బతికాం, ఒళ్ళు కమిలింది, అది గొప్పేం కాదు. అయితే ఆ కప్పు మీద కుర్రాళ్ళు గాలాల కర్రలు, లైఫ్‌జాకెట్లు, ఐసుపెట్టె, ఆఖరికి మనుషుల్ని కూడా ఎక్కిస్తున్నారు. బరువు ఎంత పైకి పోతే పడవ అంత తేలిగ్గా ఒరుగుతుంది. 2014 జనవరి 26న ఇక్కడి నీళ్ళలోనే, పట్టేవాళ్ళ కన్నా ఎక్కువమందిని ఎక్కించుకున్న పర్యాటకుల పడవ బోల్తాపడి ఇరవైమందికి పైగా పోయారు. దాని కథ వేరు, కన్సోల్ కథ వేరు. పడవ మోసే లెక్క మాత్రం రెండింటికీ ఒకటే. ఆ రోజు ఒడ్డున నిలబడ్డవాళ్ళెవరికీ ఇది రెండోసారి చెప్పక్కర్లేదు.

కొత్త సామాన్లలో నేను మనసారా మెచ్చింది ఒకటుంది. కన్సోల్ మీద ఎర్రటి చిన్న మీట, దానికి చుట్టలు తిరిగిన తాడు. తాడు కొస సరంగు మణికట్టుకో నడుముకో తగిలించుకోవాలి. మనిషి నీళ్ళలో పడితే తాడు లాగేసుకుని ఇంజను ఆగిపోతుంది. లేకపోతే సరంగు లేని పడవ గుండ్రంగా తిరుగుతూ పడ్డవాడి మీదకే వస్తుంది. డుంగీ మెల్లగా పోయేది, ఈదుకెళ్ళి పట్టుకునేవాళ్ళం. 40 హార్స్‌పవరుని ఈదుకెళ్ళి ఎవడు పట్టుకుంటాడు? ఇంత మంచి వస్తువుని మన సరంగులు ఏం చేస్తున్నారో ఒకసారి జెట్టీకి వెళ్ళి చూడండి. తాడు మీటకే వేలాడుతుంటుంది, దాని కొసకి తాళంచెవీ, ఒక బొమ్మా.

ఇంకో మెప్పు కూడా అయిష్టంగా ఇచ్చుకుంటాను. నిలబడి నడిపితే పగడపు దిబ్బ ముందే కనపడుతుంది. నీలం నీళ్ళలో గోధుమరంగు మచ్చ, కూర్చున్నవాడికన్నా నిలబడ్డవాడికి బాగా ముందు తెలుస్తుంది. మేం దానికోసం ముక్కు మీద వెదురు పట్టుకుని ఒక గుంటణ్ణి నిలబెట్టేవాళ్ళం. ఆ గుంటడు చాలా ఏళ్ళు నేనే. కానీ రాత్రి ఆ సుఖం లేదు. మాకు డిసెంబరులో అయిదు దాటగానే పొద్దు వాలిపోతుంది. ఆ జీపీఎస్ తెర వెలుతురు మొహాన కొడుతుంటే ఎదురుగా లైటు లేని డుంగీ వచ్చినా కనపడదు. తెర వెలుగు తగ్గించే మీట ఉంటుంది. అదెక్కడుందో మా వాడికి వారం పట్టింది కనుక్కోడానికి.

పడవ ఇప్పుడు నీళ్ళలో ఉంది, బాగానే పోతోంది. నన్ను చక్రం దగ్గర నిలబెట్టి తిప్పమన్నాడు. తిప్పాను. చక్రం ఏమీ చెప్పదని చెప్పాను కదా, చెప్పలేదు. సీటు కింద ఒక తెడ్డూ, ఇంజనుకి తగిలించుకునే పాత పిడీ పెట్టించి దిగాను. కేబులు తెగిన రోజున అవే ఇంటికి తెస్తాయి.

కన్సోల్ కట్టించుకునేవాళ్ళకి, పాతది మార్పించుకునేవాళ్ళకి నేను చెప్పేదొకటే. జెల్‌కోట్ మెరుపు చూసి మురిసిపోకండి. పని అప్పగించే రోజున చొక్కా చెయ్యి పైకి మడిచి, తలుపు తీసి, కళ్ళు మూసుకుని లోపలికి చెయ్యి పెట్టండి. చక్రం వెనక నట్టు, గేరు కేబులు కొస, ఫ్యూజులు, పంపు తీగ, నాలుగూ వేళ్ళకి అందాలి. అందకపోతే మిగతా డబ్బు ఇవ్వకండి.